కొత్త మండొలిన్ – రూపాయి బిళ్ల కొలత

(ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చదువుతో పాటు ఒక కళ అవసరం అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. దాని మీద మాట్లాడడానికి నాకంటే తగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేను బి.కాం. చదివి, ముప్ఫయ్యారేళ్లు బ్యాంకులో గుమాస్తాగా మొదట లెడ్జర్లు రాసి, తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని రిటైరైన మనిషిని. నాకు తెలిసిన కళ మండొలిన్ ఒక్కటే. అదీ కచేరీ చేసేంత కాదు, మా బ్యాంకు రిక్రియేషన్ క్లబ్బు వార్షికోత్సవాల్లో సినిమా పాటల వెనక మోగించేంత. అందుకని కళ గురించి కాకుండా, కళ మొదలవడానికి ముందు జరగవలసిన ఒక చిన్న పని గురించి చెబుతాను. కొత్త మండొలిన్ ఇంటికి వచ్చిన రోజు నుంచి మొదటి రెండు మూడు నెలల్లో దానికి ఏం చేయాలి? ఇదీ విషయం. గిటారు కొన్నవాళ్లకు కూడా ఇందులో సగం పనికొస్తుంది.

ఇంత చిన్న విషయం ఈ సభలో ఎందుకంటారేమో. మన ఇళ్లలో అటకల మీద ఓసారి చూడండి. పాత ట్రంకుపెట్టె పక్కన గుడ్డ సంచిలో ఒక గిటారో మండొలినో ఉంటుంది. ఎవరిదని అడిగితే "మావాడు నేర్చుకుంటానని గొడవ చేస్తే కొన్నామండీ, నెల తిరక్కుండానే పక్కన పడేశాడు, వాడికి నిలకడ లేదు" అంటారు. ఆ పిల్లవాడు అక్కడే తల వంచుకుని నిలబడి ఉంటాడు. నిలకడ లేనివాడు అన్న మాట వాడి మీద అలా పడిపోతుంది. తర్వాత ట్యూషన్ మానేసినా, లెక్కల్లో మార్కులు తగ్గినా అదే మాట పైకి వస్తుంది. అసలు ఆ వాద్యం వాయించడానికి వీలుగా ఉందా లేదా అని మాత్రం ఎవరూ చూసి ఉండరు.

కామర్సు పిల్లలకు ఈ సంగతి మొదటి ఏడాదిలోనే చెబుతారు. ఫ్యాక్టరీకి లక్ష రూపాయలు పెట్టి ఒక యంత్రం కొన్నాం. లారీ కిరాయి మూడు వేలు. దిమ్మ మీద నిలబెట్టి బిగించిన కూలి రెండు వేలు. యంత్రం ఖాతాలో ఎంత రాయాలి? లక్షా అయిదు వేలు రాయాలి. బిగించని యంత్రం ఉత్తి ఇనుము కాబట్టి ఆ కూలి కూడా మూలధన వ్యయమే. వాద్యానికీ ఇదే పద్దు వర్తిస్తుంది. దుకాణంలో గోడకు వేలాడేది సగం తయారైన సరుకు. తీగల ఎత్తు, మెడ పైకొసన ఉండే గాడులు, బ్రిడ్జి ఉండే చోటు, ఇవన్నీ సరిచేశాకే అది వాద్యం అవుతుంది. ఈ పనిని సెటప్ అంటారు. ధర బేరమాడేటప్పుడు మనవాళ్లు సంచి ఉచితంగా ఇమ్మంటారు, ఒక పిక్ వేయమంటారు. సెటప్ చేసి ఇమ్మని ఎవరూ అడగరు. సంచి మానేసి అది అడగండి.

ముందు వాద్యం సంగతి. మండొలిన్‌లు ప్రధానంగా మూడు రకాలు. పుచ్చకాయను నిలువునా కోసినట్టు వీపు గుండ్రంగా ఉండేది ఇటలీవాళ్ల పాత రకం. వయొలిన్ లాగా పై పలకను ఉబ్బెత్తుగా చెక్కి చేసేది 1890ల నుంచి అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ పద్ధతిలో వచ్చిన రకం. దానికి పనితనం ఎక్కువ, ధరా ఎక్కువే. మూడోది ఫ్లాట్ టాప్. పై పలక, కింది పలక రెండూ బల్లపరుపుగా ఉంటాయి, సాధారణంగా మధ్యలో ఒక గుండ్రటి రంధ్రం ఉంటుంది. పిల్లలకు మనం కొనేది ఎక్కువగా ఇదే. ఒళ్లో జారకుండా కూర్చుంటుంది, నాదం మెత్తగా ఉంటుంది. చవక కదా అని తక్కువగా చూడాల్సిన పని లేదు.

ఏ రకమైనా తీగలు ఎనిమిది, నాలుగు జంటలు. శ్రుతి వయొలిన్‌దే: జి, డి, ఎ, ఇ. ఎనిమిదింటినీ శ్రుతికి బిగిస్తే ఆ సన్నటి మెడ మీద పడే మొత్తం లాగుడు సుమారు 70 కిలోలు. ఒక పెద్దమనిషి బరువు రాత్రీ పగలూ దాని మీద ఉంటుందన్నమాట. బ్రిడ్జి, అంటే తీగలు ఎక్కి దిగే ఆ చిన్న చెక్క వంతెన, చాలా మండొలిన్‌లలో అతికించి ఉండదు. తీగల ఒత్తిడికే పలక మీద నిలబడి ఉంటుంది. వీణవాళ్లు దీన్ని గుర్రం అంటారు. తమిళంలో కుదిరై, కన్నడంలో కుదురె, ఏ భాషలోనైనా గుర్రమే. కట్టేయని గుర్రం కాబట్టి ఇది జరుగుతుంది. దుకాణం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే జరుగుతుంది.

పోయిన సంవత్సరం మా అల్లుడు మా మనవరాలికి ఒక ఫ్లాట్ టాప్ కొన్నాడు. ఆరో తరగతి పిల్ల. దుకాణంవాళ్లు "కొత్తది కదా సార్, వాయించగా వాయించగా అదే దారికొస్తుంది" అన్నారట. మూడు వారాలకు నేను వాళ్లింటికి వెళ్లేసరికి మండొలిన్ బీరువా పైకి ఎక్కింది. పిల్ల ఎడమచేతి వేలికొసలు చూపించింది. కందిపోయి, చూపుడు వేలి మీద తీగ గాడి పడి ఉంది. నేర్పే మాస్టారు స్వరం నిలవడం లేదు, చెవికి ఇంకా పదును రావాలి అన్నారట. వాళ్లమ్మ పరీక్షలయ్యాక చూద్దాంలే అంది. మన ఇళ్లలో ఆ మాటకు అర్థం మీకు తెలుసు.

నేను మండొలిన్ కిందికి దించి, పన్నెండో మెట్టు మీద, తీగ కింద ఒక రూపాయి బిళ్ల దూర్చాను. సులువుగా దూరింది. దాని మీద ఇంకో బిళ్ల పెట్టాను. అదీ పట్టింది. రెండు బిళ్లల మీద కూడా ఇంకా సందు ఉంది.

ఈ కొలత గుర్తుపెట్టుకోండి. రూపాయి బిళ్ల మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. పన్నెండో మెట్టు దగ్గర మెట్టుకూ తీగకూ మధ్య ఒక బిళ్ల పట్టాలి, ఇంకొంచెం సందు మిగిలినా ఫరవాలేదు. రెండు బిళ్లలు పట్టాయంటే ఆ వాద్యం నేర్చుకునే పిల్లకు తగినది కాదు. ఇంటికి తెచ్చాక చూడడం కాదు, దుకాణంలోనే జేబులోంచి బిళ్ల తీసి చూడండి. దుకాణందారు మిమ్మల్ని కొంచెం వేరుగా చూస్తాడు. చూడనివ్వండి.

ఎత్తు ఎక్కువైతే వేళ్లు నొప్పి పుట్టడం ఒక్కటే కాదు. తీగను మెట్టు దాకా నొక్కాలంటే అది కొంత సాగాలి. సాగిన తీగ బిగుస్తుంది. బిగిస్తే స్వరం పైకి పోతుంది. ఎత్తు ఎక్కువైనకొద్దీ ఎక్కువ పోతుంది. అంటే పిల్ల సరైన మెట్టు మీదే వేలు పెట్టింది, గట్టిగానే నొక్కింది, అయినా అపస్వరం వచ్చింది. మాస్టారు చెవిని అన్నారు గాని ఆ అమ్మాయి చెవి బాగానే ఉంది. అపస్వరం వస్తోందని ఆమెకు తెలుస్తోంది కూడా, ఎందుకు వస్తోందో తెలియడం లేదు. తప్పు తనదే అనుకుంటోంది. నాకు బాధ కలిగించింది అదే.

రెండో పరీక్ష మెడ పైకొసన. తీగలు బిరడాల నుంచి దిగేచోట ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న పట్టీ ఉంటుంది, దాన్ని నట్టు అంటారు. దాని మీది గాడుల్లో తీగలు కూర్చుంటాయి. తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి మెట్టు మీద సందు ఎంత ఉందో చూడండి. ఒక కరెన్సీ నోటు దూరేంత ఉంటే చాలు. అట్ట ముక్క దూరితే గాడులు లోతు చాలలేదని అర్థం. కొత్త చవక వాద్యాల్లో తొంభై పాళ్లు కష్టమంతా ఇక్కడే ఉంటుందని నా అభిప్రాయం. నేర్చుకునేవాళ్లు మొదటి ఆరు నెలలూ వాయించేది మొదటి నాలుగైదు మెట్ల మీదే కదా. అయితే ఈ గాడుల పని ఇంట్లో చేయకండి. దానికి తీగ మందానికి సరిపోయే సన్నటి ఆకురాళ్లు ఉంటాయి. ఒక్క రాపిడి ఎక్కువైతే తీగ మెట్టుకు తగిలి జర్రుమంటుంది, నట్టు కొత్తది వేయాల్సి వస్తుంది. మేం వీణలు, గిటార్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. గంటన్నర పని. ఇచ్చిన కూలి మండొలిన్ ధరలో పదో వంతు కూడా కాలేదు. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. తీగలు మార్చేటప్పుడు మెత్తటి పెన్సిలుతో ఆ గాడుల్లో గీయండి. ఆ నల్లటి పొడికి తీగ పట్టేయకుండా జారుతుంది, శ్రుతి చేసేటప్పుడు టిక్కుటిక్కుమని ఎగరదు.

బ్రిడ్జి ఎత్తు సంగతి మాత్రం పెద్దవాళ్లు ఇంట్లోనే చూసుకోవచ్చు. కొన్నింటికి రెండు చిన్న పళ్ల చక్రాలుంటాయి. తిప్పితే పైముక్క లేస్తుంది, దిగుతుంది. తిప్పే ముందు తీగలు కొంచెం వదులు చేయాలి, లేకపోతే మర అరిగిపోతుంది. చక్రాలు లేని బ్రిడ్జి అయితే అడుగు భాగం అరగదీయాలి. ఉప్పు కాగితాన్ని గరుకు పైకి వచ్చేలా పలక మీదే పరిచి, దాని మీద బ్రిడ్జిని మెల్లగా రాస్తే ఎత్తూ తగ్గుతుంది, అడుగు కూడా పలక ఒంపుకు అతుక్కున్నట్టు కూర్చుంటుంది. ఫ్లాట్ టాప్ అని పేరేగాని చాలా పలకలకు కంటికి కనబడని చిన్న ఒంపు ఉంటుంది. బ్రిడ్జి పాదం కింద వెలుతురు కనబడిందంటే అక్కడ నాదం కారిపోతున్నట్టే.

ఇక బ్రిడ్జి ఎక్కడ ఉండాలి? ఇక్కడ మీ చక్రవడ్డీ పనికొస్తుంది. లెక్కలంటే భయమున్నవాళ్లు కూడా ఒక్క నిమిషం వినండి, నా సర్వీసంతా చేసిన లెక్క ఇది.

రెండో జంట తీగ ఎ. వదిలేసి మీటితే సెకనుకు 440 కంపనాలు. దాన్ని 440 రూపాయల డిపాజిట్ అనుకోండి. వడ్డీ 5.946 శాతం, ఏడాదికోసారి అసలులో కలుస్తుంది. మొదటి ఏడు ఆఖరుకి 466 రూపాయల 16 పైసలు. రెండో ఏడు 493 రూపాయల 88 పైసలు. ఇలా పోతే పన్నెండో ఏడు ఆఖరుకి సరిగ్గా 880, అంటే రెట్టింపు. మొదటి మెట్టు మీద ఎ తీగ కంపనాలు 466, రెండో మెట్టు మీద 494, పన్నెండో మెట్టు మీద 880. ఒక్కో మెట్టూ ఒక్కో ఏడాది వడ్డీ. డబ్బు ఎన్నాళ్లకు రెట్టింపవుతుందో చెప్పడానికి 72ను వడ్డీ రేటుతో భాగించమని మాకు నేర్పేవాళ్లు. 72ను ఆరుతో భాగిస్తే పన్నెండు. పాశ్చాత్యుల పన్నెండు మెట్ల లెక్కకూ డిపాజిట్ల లెక్కకూ సూత్రం ఒకటే. అదే బారువడ్డీ అయితే పన్నెండేళ్లకు 754 దగ్గరే ఆగిపోయేది, పై షడ్జమం రాదు.

మెట్ల మధ్య దూరాలేమో తరుగుదల లెక్క. తగ్గుతున్న నిల్వల పద్ధతి. తీగ పొడవు 350 మిల్లీమీటర్లనుకుంటే, ఒక్కో మెట్టుకు మిగిలిన పొడవులో 5.61 శాతం తరుగుతుంది. మొదటి మెట్టు నట్టు నుంచి 19.6 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండో మెట్టు 175 దగ్గర, సరిగ్గా సగంలో వస్తాయి. అందుకే పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరపడతాయి. స్థిర వాయిదాల పద్ధతిలో వేస్తే మెట్లన్నీ సమదూరంలో ఉండేవి, చూడడానికి ముచ్చటగా, వినడానికి భరించరానిదిగా.

మెట్లు వేసినవాడు ఈ లెక్కంతా బ్రిడ్జి ఒకచోట ఉంటుందని నమ్మి వేశాడు. గుర్రం జరిగితే లెక్క మొత్తం తప్పుతుంది. సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. పన్నెండో మెట్టు మీద, తీగను నొక్కకుండా వేలు ఊరికే ఆనించి మీటండి. గంట మోగినట్టు ఒక అనుస్వరం వస్తుంది. ఇప్పుడు అదే మెట్టు మీద నొక్కి మీటండి. రెండూ ఒకటిగా ఉండాలి. నొక్కింది ఎక్కువగా ఉంటే బ్రిడ్జిని వెనక్కి, తీగలు కట్టిన కొసవైపు జరపాలి. తక్కువగా ఉంటే ముందుకి, మెడవైపు. మిల్లీమీటరుకు మించి ఒకేసారి జరపొద్దు. లావు తీగల వైపు బ్రిడ్జి కాస్త వెనక్కి వాలి ఉంటుంది, అది లోపం కాదు, అలాగే ఉండాలి. అంతా కుదిరాక బ్రిడ్జి పాదాల చుట్టూ పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టుకోండి. పాత తీగలు తీసి కొత్తవి వేసేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి తీశారంటే గుర్రం ఒళ్లో పడుతుంది. ఈ పరీక్ష ఎప్పుడూ ఆఖరున చేయాలి. గాడులు, ఎత్తు సరిచేయకముందే చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

తీగల విషయం త్వరగా చెప్పేస్తాను. పిల్లలకు సన్నటి సెట్టు, మొదటి జంట 10 అని రాసి ఉన్నది, అంటే అంగుళంలో వెయ్యింట పది వంతులు, అది కొనండి. మండొలిన్ తీగలు ఎక్కువగా కొస ఉచ్చులాగా ఉంటాయి, గిటారు తీగల కొసన గుండు ఉంటుంది. మీ వాద్యానికి కొక్కేలు ఉన్నాయో రంధ్రాలు ఉన్నాయో చూసుకుని కొనండి. కొత్త తీగ సాగుతుంది. శ్రుతి చేసి, మధ్యలో వేలితో మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, ఇలా నాలుగైదు సార్లు చేస్తే రెండు మూడు రోజుల్లో నిలబడుతుంది. ఆ రెండు మూడు రోజులు శ్రుతి దిగిపోతుంటే పిల్లల్ని విసుక్కోకండి.

శ్రుతి చేయడానికి ఇప్పుడు సెల్‌ఫోన్లోనే ట్యూనర్ ఉంటుంది. మంచిదే. అయితే జంటలో రెండు తీగలూ కలిపి మోగిస్తే ఫోను తికమకపడుతుంది. ఒక తీగను వేలితో ఆపి రెండోదాన్ని ఫోనుతో కలపండి. తర్వాత ఫోను పక్కన పెట్టి, మొదటిదాన్ని చెవితో దీనికి కలపండి. రెండూ కొంచెం తేడాగా ఉంటే ఊం-ఊం-ఊం అని అలలు వినబడతాయి. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలని చదువుకున్నారే, అవే. సెకనుకు రెండు అలలు వస్తే తేడా రెండు కంపనాలు. అలలు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయినచోట జంట కలిసినట్టు. పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠం చేతికి తగలడం ఎలా ఉంటుందో పిల్లలు ఒక్కసారి చూడాలి.

కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు స-ప-స-ప పద్ధతి కావాలంటే జి, డి, జి, డి కి దించుకోవచ్చు, ఐదు శ్రుతి అవుతుంది. పైకి మాత్రం లాగకండి, సన్నటి ఇ తీగ ఆగదు. దించిన తీగల్లో లాగుడు అయిదో వంతు తగ్గుతుంది కాబట్టి అవి కొంచెం వదులుగా ఊగి మెట్లకు తగలొచ్చు. ఆ రెండు జంటలకు ఒక నంబరు లావు తీగ వేసి, ఎత్తు మళ్లీ చూసుకోవాలి.

ఇక్కడ శ్రీ యు. శ్రీనివాస్ గారి మాట రాకుండా ఉండదు. 1969లో పాలకొల్లులో పుట్టారు. యానాం పిల్లలకు అది గోదావరి పాయలు దాటితే వచ్చే ఊరు. చిన్నతనంలోనే కచేరీలు మొదలుపెట్టి, మండొలిన్ అన్నది కర్ణాటక వాద్యమే అని అందరిచేతా ఒప్పించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన వీడియోలు చూసి, ఆ గమకాలు మన ఫ్లాట్ టాప్ మీద రావడం లేదని పిల్లలు దిగులుపడతారు. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మండొలిన్. అందులోనూ నాలుగు జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. అంతటి చేయి ఉన్నవాడు కూడా వాద్యం ఎలా ఉంటే అలా సర్దుకుపోలేదు, తన సంగీతానికి తగ్గట్టు వాద్యాన్ని మార్చుకున్నారు. ఆరో తరగతి పిల్ల మాత్రం సర్దుకోవాలా?

దుకాణంవాళ్ల మాటకు వస్తాను. వాయించగా వాయించగా దారికొస్తుంది అన్నది ఎంతవరకు నిజం? వాద్యకారుల్లో చాలామంది వాయిస్తే కర్ర గొంతు విప్పుతుందని నమ్ముతారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ పరిశోధకులు ఒకే మనిషి ఒకేలా చేసిన రెండు వయొలిన్లు తీసుకుని, ఒకదాన్ని మ్యూజియంలో ఉంచి, రెండోదాన్ని కళాకారుడి చేత మూడేళ్లు వాయింపించి చూశారు. 2005లో ఫలితం ప్రకటించారు. చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అది రెండు వయొలిన్ల మాట, దానితో తగవు తీరిపోయిందని నేననను. మన పని మాత్రం తీరింది. నాదం మారుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న, తీగల ఎత్తు వేరే ప్రశ్న. వాయించినంత మాత్రాన నట్టు గాడులు లోతు కావు. మెడ ఆ 70 కిలోల లాగుడుకు ముందుకు వంగితే ఎత్తు ఇంకా పెరుగుతుంది. పై పలక బ్రిడ్జి కింద కొంచెం కుంగితే తగ్గుతుంది. ఏది ఎంత జరుగుతుందో మొదటి రెండు మూడు నెలలు చూస్తేగాని తెలియదు. అందుకే సెటప్ రెండుసార్లు. కొన్న వారంలో ఒకసారి, మూడో నెలలో మళ్లీ. రెండోసారి పని చాలా తక్కువ ఉంటుంది. బాగుచేసే ఆయనతో మొదటే మాట్లాడుకుంటే రెండింటికీ కలిపి ఒక కూలి తీసుకుంటారు.

ఆ తర్వాత ఋతువులు. కర్ర నీళ్లు తాగుతుంది, ఆరిపోతుంది. యానాంలో, బరంపురంలో, ఇక్కడ చెన్నైలో వానలప్పుడు పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. సోలాపూర్, బళ్లారి ఎండాకాలంలో పలక కుంగి తీగలు జర్రుమంటాయి. మెట్ల చివరలు అంచున వేలికి గీసుకుంటున్నాయంటే కర్ర ఎండిపోయి కుంచించుకుందని అర్థం. ఆ స్థితిలో వదిలేస్తే పలక పగలొచ్చు. గాలిలో తేమ 40, 60 శాతం మధ్య ఉంటే వాద్యానికి సుఖం. అటక మీద, రేకుల కప్పు కింద, ఎండలో నిలిపిన కారులో ఉంచకండి. ఉప్పుగాలి ఊళ్లలో వాయించడం అయ్యాక పొడి గుడ్డతో ప్రతి తీగనూ కిందా పైనా తుడవాలి, కొబ్బరినూనె వగైరాలు రాయకూడదు. ఇంట్లో నేర్చుకుని హాస్టలుకు తీసుకెళ్లే పిల్లలు, ఊరు మారిన వారం తర్వాత ఒకసారి రూపాయి బిళ్ల పెట్టి చూసుకోండి. రైలు ప్రయాణంలో శ్రుతి ఒకటి రెండు స్వరాలు దించితే చాలు, పూర్తిగా వదిలేస్తే బ్రిడ్జి పడిపోతుంది.

వేళ్ల గురించి తల్లులు అడుగుతారు. సరిచేసిన వాద్యం మీద కూడా మొదట్లో నొప్పి ఉంటుంది. ఆదివారం గంటన్నర కూర్చోబెట్టడం కంటే, రోజుకు రెండుసార్లు పది పదిహేను నిమిషాలు మంచిది. వేలిని మెట్టు మీద కాకుండా మెట్టుకు కొంచెం వెనక ఆనించాలి, అక్కడ సగం బలం చాలు. మూడు నాలుగు వారాల్లో కొసలు గట్టిపడతాయి. నొప్పి వేలికొసల్లో ఉంటే మామూలే. మణికట్టులో ఉంటే మాత్రం ఆపించి, పట్టుకునే తీరు మాస్టారికి చూపించండి.

మా మనవరాలి మండొలిన్ సరిచేయించి పదకొండు నెలలు. మూడో నెలలో మళ్లీ చూపిస్తే బ్రిడ్జి అర మిల్లీమీటరు దించారు, అంతే. రోజూ వాయిస్తోంది. గొప్పగా వాయిస్తోందని నేను చెప్పను, తాతను కాబట్టి చెప్పకూడదు కూడా. పరీక్షల ముందు కూడా బీరువా ఎక్కలేదు.

ఈ సభకు తమ వాద్యాలు తెచ్చుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. భోజనాల తర్వాత మెట్ల పక్క గదిలో కూర్చుంటాను. స్కేలు, పెన్సిలు, ఉప్పు కాగితం, రెండు రూపాయి బిళ్లలు నా దగ్గర ఉన్నాయి. నట్టు గాడులు మాత్రం ఇక్కడ ముట్టుకోను, ఆ ఆకురాళ్లు నా దగ్గర లేవు. అవసరమైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతాను. కిటికీ పక్కన పసుపు సంచీతో కూర్చున్న అమ్మాయి ముందు రావాలి. నేను ఎత్తు గురించి చెబుతున్నప్పుడు వాళ్ల నాన్న వైపు చూడడం గమనించాను.